కుండమార్పిడి వాటాలు

ఎంత వెతికినా మరదలు మానసలో ఒక్క చెడ్డ గుణం దొరకకపోవడం యమునకు ఎనిమిదేళ్ళుగా తీరని ఇబ్బంది. తిట్టుకుందామంటే పట్టు చిక్కదు. పొగరు లేదు. సోమరితనం అసలే లేదు. పోనీ, కూరలో ఉప్పయినా ఎక్కువేస్తుందా అంటే అదీ లేదు. ఇంత అన్యాయమైన మనిషి వేల్పూర్ మండలం మొత్తంలో ఇంకొకరు ఉండరని యమున అభిప్రాయం.

ఆ ఉదయం ఆమె ఆర్మూర్‌లో తన ఇంటి వాకిట్లో పసుపు ఏరుతోంది. పొడవాటి కొమ్ములు ఒకవైపు, ఉండలు ఒకవైపు. భర్త మహేశ్ తెల్లవారకముందే బస్తాలు వేసుకొని నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పోయాడు. అత్త లసుమవ్వ అరుగు మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు చూస్తోంది. వేల్పూర్ నుంచి యమున తల్లి రత్నవ్వ ఫోను చేసింది.

"చాయ్ తాగినవా బిడ్డా? మన మానసను మూడు నెల్లు జపాన్‌కు రమ్మన్నరట, మీ అత్తకు మూడు దినాల కిందనే చెప్పిందట. మీ తమ్ముడు సై అన్నడు. నేను గూడ పొమ్మన్న. అక్కడ మస్తు సలి ఉంటదట, స్వెట్టర్ కొనాలె."

యమున చేతిలోని కొమ్ము ఉండల్లో పడింది.

మానస హైదరాబాదులో జపాన్ భాష చదివింది. ఇప్పుడు వేల్పూర్ ఇంటి పైగదిలో కూర్చుని ఒక హైదరాబాద్ ఆఫీసుకు పనిచేస్తుంది. జపాన్‌లో ఏ కంపెనీ వాటా ఎవరి దగ్గరుంది, ఏది దేనిలో కలుస్తోంది, బోర్డులో ఎవరెవరు కూర్చున్నారు, ఇవన్నీ చదివి ఇంగ్లీషులో రాసివ్వడం ఆమె కొలువు. అక్కడ తొమ్మిదంటే ఇక్కడ ఐదున్నర. ఆ ఐదున్నరకు రత్నవ్వ చాయ్ గ్లాసు పట్టుకొని మెట్లెక్కుతుంది. యమున డిగ్రీ పరీక్షలకు తెల్లవారగట్ల లేచి చదువుకుంటే, కరెంటు దండగని లైటు ఆర్పింది ఈ రత్నవ్వే.

వాళ్ళది కుండమార్పిడి. మహేశ్‌కు యమునను ఇచ్చి, మహేశ్ చెల్లెలు మానసను యమున తమ్ముడు గంగాకిషన్‌కు చేసుకున్నారు. ఒకే పందిరి, ఒకే ముహూర్తం, ఒకే వంటవాడు. ఆనాటి నుంచి ఆర్మూర్‌లో గీరుకుంటే వేల్పూర్‌లో రక్తం వస్తుంది. ఒకసారి మహేశ్ కూర బాగాలేదని కంచం విసిరాడు. సంగతి తెలిసిన రత్నవ్వ పోరు పడలేక, గొంతు పెంచి ఎరగని గంగాకిషన్ కూడా ఆ సాయంత్రం ఒక కంచం విసిరాడు. ఖాళీది. ఆ తర్వాత తనే తీసి, కడిగి బోర్లించాడు.

ఐదేళ్ళ కిందట ఆర్మూర్‌లోనే ఒక బీమా ఆఫీసులో యమునకు కొలువు వచ్చింది. లసుమవ్వ "అద్దు, పోకు" అంది. కారణం చెప్పలేదు. యమున అడగలేదు. ఆ మాట కడుపులో పెట్టుకొని ఇన్నేళ్ళూ వంట చేసింది.

"ఏమే, పలకవు?" అంది రత్నవ్వ.

యమున లేచి బావి గోడ దాకా నడిచింది. గొంతు తగ్గించింది. "అమ్మా, ఆమె పోతే ఇక్కడ నా గతేందో జర సోంచాయించినవా? మా అత్తకు గిది అస్సలు నచ్చలే. మూడొద్దుల సంది నాతోని మాట్లాడ్తలేదు. రేపు గీ ఇంట్ల ఏమన్నయితే నువ్వే జిమ్మేదారి."

"గట్లనా బిడ్డా," అని రత్నవ్వ ఫోను పెట్టేసింది.

అరుగు మీంచి లసుమవ్వ పిలిచింది. "యమునా, పప్పుల చింతపండు ఎక్కువెయ్యకు, నీకు పడదు."

మర్నాడు పది గంటలకు మానస బస్సు దిగి నేరుగా వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చెప్పులు గుమ్మం ముందు విడిచి, తల్లి లసుమవ్వ ఎదుట కూర్చుంది.

"అమ్మా, నేను జపాన్ పోతే నీకేం తక్లీఫ్?"

"నాకేందే? పొమ్మనే అంటున్న గద."

"మరి వదినెతోని మాట్లాడ్తలేవట! మా అత్త రాత్రంత ఏడ్సుకుంట, నా బిడ్డ కాపురం నాకు ముఖ్యం, నువ్వు పోవద్దన్నది. ఆఫీసోళ్ళకు ఇయ్యాల చెప్పకుంటే ఇంకొకలను పంపుతరు."

లసుమవ్వ కోడలి వైపు చూసింది. యమున పొయ్యి దగ్గర గరిటె తిప్పుతూనే ఉంది. గిన్నెలో తిప్పడానికి ఏమీ లేదు. నీళ్ళు కాగుతున్నాయి.

"నువ్వే చెప్పినవా వదినె?"

"చెప్పిన," అంది యమున తిరగకుండా. "నిన్ను చూస్తే కడుపు మండింది, చెప్పిన. నన్ను కన్న తల్లి నీకు చాయ్ మోస్తది. నాకు ఊళ్ళె ఉన్న ఆఫీసుకు పోనీకి గూడ ఇజాజత్ దొరకలే. నువ్వు విమానం ఎక్కుతవు."

అరుస్తుందనుకున్న మానస నేల చూసింది.

"నేను ఇప్పుడు రెండు కంపెనీల కాయిదాలు చదువుతున్న వదినె. నలభై ఏండ్ల సంది దీని వాటా దాని దగ్గర, దాని వాటా దీని దగ్గర. ఒకదాని ముసలి చైర్మన్‌కు పని చాతకాదని రెండో దానోళ్ళకు ఎరుకే. అయినా ప్రతి యేడు ఆయనకే ఓటుకు చెయ్యెత్తిన్రు. ఎందుకంటే వీళ్ళు గూడ వాళ్ళ చైర్మన్‌కు ఎత్తుతరు. ఒకలను ఒకలు ఏమనరు. రెండూ మునిగినయ్. ఇప్పుడు గతిలేక కలుస్తున్నయ్."

"జపాన్‌ల గూడ కుండమార్పిళ్ళు ఉన్నయా?" అంది లసుమవ్వ నిజంగానే ఆశ్చర్యపోయి.

మానసకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. "చదువుతుంటె నాకు మనిల్లే యాదికొచ్చిందమ్మా. వదినె, ఐదేండ్ల కింద నీకు కొలువు వచ్చినప్పుడు అమ్మకు ఫోన్ చేసింది నేనే. అప్పుడు అంత చదివి నేను వేల్పూర్‌ల పసుపు ఏరుకుంట కూసున్న. నువ్వు బ్యాగు ఏసుకొని ఆఫీసుకు పోతవంటె ఓర్వలేకపోయిన. వదినె పోతే, మా బిడ్డతోని కొలువు చేపిస్తరా అని అత్తగారింట్ల నన్ను సతాయిస్తరు, ఆపమ్మా అని అబద్దం చెప్పిన."

గిన్నెలో నీళ్ళు పొంగి పొయ్యి ఆరిపోయింది.

యమున అత్త వైపు తిరిగింది. "గీ ముచ్చట నాకెందుకు చెప్పలే?"

"నా బిడ్డ చాడీ నీకెట్ల చెప్తనే? నేనే చెడ్డదాన్నయిన. అత్త చెడ్డదంటే ఎవ్వలు పరేషాన్ కారు," అంది లసుమవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

ముందు యమునకు ఒళ్ళంతా మండింది. ఐదేళ్ళు! ఐదేళ్ళలో ఆ ఆఫీసులో తన బదులు చేరిన పిల్ల మేనేజరు కూడా అయింది. నోటికొచ్చింది అనేద్దామని మానస ముందుకు వెళ్ళి నిలబడింది. ఆ ఉబ్బిన కళ్ళు చూశాక, సిగ్గులేకుండా ఇంకొకటి మనసులో మెదిలింది. తనను చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారు. అదీ ఈ ఒక్క వంకా లేని మనిషి! ఎనిమిదేళ్ళుగా వెతుకుతున్న చెడ్డ గుణం చేతికి చిక్కితే, అది అచ్చం తనదే.

"నీకు గూడ గింత కుళ్ళు ఉంటదని ముందే చెప్తె, ఎప్పుడో దోస్తులమైతుంటిమి గదనే," అంది. మానస లేచి ఆమె భుజం మీద తల పెట్టింది. యమున కొంచెంసేపు బిగుసుకుని, తర్వాత వీపు నిమిరింది.

"నువ్వు గా ఆఫీసుల మల్ల అడుగు," అంది లసుమవ్వ. "వంట నేను చూస్త."

"అది తర్వాత," అని యమున ఫోను తీసుకుంది. స్పీకరు పెట్టింది. రెండు ఇళ్ళూ వినాలి.

"అమ్మా, మానస ఇక్కడనే ఉన్నది. మా అత్త ఏమనలే. మూడొద్దులేంది, మూడు నిమిషాలు గూడ మాట్లాడకుంట ఉండలే. నేనే ఓర్వక అబద్దం చెప్పిన. ఆమెను పంపు." చిన్నప్పటి నుంచీ తల్లితో ఎన్నడూ అనని మాట ఇప్పుడు అంది.

"తప్పు నాదేనమ్మా."