నడిమింట్లో నవాబుగారి సోఫా

మదీనాగూడలో మేనత్త ఇంటి గడప దాటగానే సక్కుబాయి మోకాలికి సోఫా మూల ఠక్కున తగిలింది.

"జర పైలం! దేవిడి హర్రాజుల కొన్న మాలు," అన్నాడు బావ లింగమూర్తి. దెబ్బ సోఫాకే తగిలినట్టు దాన్ని తుడిచాడు కూడా.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, పట్నంలో నవాబులు తమ దేవిడీ బంగళాలు ఖాళీ చేస్తుంటే, ఈ కచేరీ గుమాస్తా లింగమూర్తి వాళ్ల సామానంతా వేలంలో కొని, బండికెత్తి తెచ్చి చిన్న పెంకుటింట్లో కుక్కాడు. సోఫా, గోడంత అద్దం, ఏనుగంత అల్మారా! సక్కుబాయి నాన్న రామచంద్రం పొట్ట లోపలికి పీల్చుకుని కూడా సోఫాకీ అద్దానికీ మధ్య ఇరుక్కున్నాడు.

సక్కుబాయికి బావంటే చిన్నప్పటినుంచీ ప్రాణం. అందుకే మరింత ఒళ్లు మండింది. ఇల్లు చూసి బావతో పెళ్లికి ఔనో కాదో చెప్పమని నాన్న ఆమెను వెంటబెట్టుకొచ్చాడు. కాదంటే శేరిలింగంపల్లి సంబంధం కాచుకుని ఉంది.

"ఎట్లుంది ఇల్లు?"

"ఇల్లేడుంది బావా? నాకు దుకాణమే కనవడ్తుంది."

"నీకేం ఎరుక! దీన్ని షాన్ అంటరు, నవాబుల దర్జా!"

"గీ షాన్ల మా అత్త ఏది?"

అప్పుడే మేనత్త భాగ్యమ్మ చాయ్ పట్టుకుని వీధివైపు నుంచి వచ్చింది. వంటింటి తలుపుకి అల్మారా అడ్డం మరి! గాలాడని పొగలో ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. చాయ్ అందించి గడప బయటే కూర్చుంది.

సక్కుబాయి వేళాకోళం ఆగిపోయింది.

"అమ్మను బయట కూసోవెట్టి అద్దంల నీ మొఖం చూసుకుంటున్నవా? మా అత్తకే జాగ లేదు, ఇగ నేనేడుండాలె? నాయనా, పోదాం పా."

లింగమూర్తి ముఖం మాడిపోయింది. "మూసాపేటల మీది పెద్దిల్లు. నీకు తక్కువనిపియ్యొద్దనే తెచ్చిన," అని గొణిగాడు.

"నువ్వు గావాలన్న. సోఫా గావాలన్ననా?"

అతను అల్మారాకి భుజం ఆనించాడు. ఎలాగో బయటపడ్డ రామచంద్రం రెండో వైపు పట్టాడు. సోఫాతో సహా అన్నీ వసారాలోకి పోయాయి.

వంటింటి తలుపు తెరుచుకుంది. పెరటి గాలి వీధి గుమ్మం దాకా వచ్చింది. దారికి అడ్డం రాకుండా, పొయ్యి దగ్గరున్నవాళ్లతో మాట్లాడేంత దగ్గరగా, సక్కుబాయి గోడవారన చాప పరిచింది. భాగ్యమ్మ గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది.

"అబ్బ, పానం లేచొచ్చింది బిడ్డా!"

పక్కన సక్కుబాయి, ఆ పక్కన రామచంద్రం కూర్చునేసరికి చాప నిండిపోయింది. లింగమూర్తి చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"బిడ్డా, ఔనా, కాదా?" అడిగాడు రామచంద్రం.

సక్కుబాయి అత్త వైపు జరిగి, ఖాళీ అయిన చోట చేత్తో తట్టింది.

"కూసో బావా. ఇగ జెప్పేదేముంది నాయనా, జాగిచ్చిన గద!"