వెనక్కి చూసే కెమెరా

వంటింటి బల్ల మీద పిండి తూచే త్రాసు పెట్టుకుని థియా మూడు కెమెరాలనూ ఒకదాని తర్వాత ఒకటి తూచింది. మోంటానా కొండల్లో ఎల్క్ దుప్పిని కొట్టడం ఒక ఎత్తు, దాని మాంసాన్ని వీపు మీద మోసుకుని దిగడం ఒక ఎత్తు. అందుకే వాళ్లింట్లో వేటకెళ్లే సంచిలో పళ్లు తోముకునే బ్రష్ పిడిని కూడా సగానికి కోసి పెట్టుకుంటారు.

పెద్ద కెమెరాలో బొమ్మ బాగా వస్తుంది, కానీ మూడు కాళ్ల స్టాండు కూడా మోయాలి. రెండోది అరచేతిలో పడుతుంది, కానీ మొదలెట్టగానే కీచుమంటుంది. ఆ చప్పుడికి దుప్పి లోయ దాటేస్తుంది. మూడోది అగ్గిపెట్టెంత. టోపీ మీద తగిలించుకోవచ్చు, చప్పుడుండదు, ఎర్ర దీపం మీద నల్ల టేపు అతికిస్తే చాలు. చలికి బ్యాటరీ దిగిపోతుందేమోనని ఒక రాత్రంతా ఫ్రిజ్ పై అరలో బఠాణీల పక్కన పెట్టి చూసింది. పొద్దున్న తీస్తే చక్కగా పనిచేసింది. పైగా దానికి ముందొక కన్ను, వెనకొక కన్ను.

"ముందు చూసేది చాలదటే?" అన్నాడు గార్త్, కాఫీ ఊదుకుంటూ. అతను థియాకి సొంత అన్న. నాన్న పోయాక ఆమెకు విల్లు పట్టడం నేర్పింది అతనే.

"బరువులో తేడా లేదన్నా. పిల్లలు అడవంతా చూడాలంటున్నారు."

"నీ వెనకాల ఏముంటుంది, నా బోడిగుండు తప్ప?"

రూత్, మేబెల్ కిసుక్కున నవ్వారు. థియాకి ఇద్దరూ ఆడపిల్లలే. వాళ్లను వదిలి నాలుగు రోజులు కొండెక్కాలంటే ఆమెకు ప్రాణం కొట్టుకుంటుంది. నీలం తలుపు గడియలు, దగ్గు మందు, పొయ్యి గొట్టం... అన్నీ భర్త కోల్‌కి అప్పటికే రెండుసార్లు అప్పజెప్పింది.

గార్త్ మాత్రం నవ్వలేదు. "ఆ పెద్దదే తీసుకో. నేను మోస్తాలే" అన్నాడు.

ఎవరి బరువూ మోయని మనిషి ఆ మాట అనేసరికి థియా త్రాసు మీంచి తలెత్తి చూసింది. నిరుడు చలికాలంలో అతని కూతురు కేసీ గుర్రం మీంచి పడింది. డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక పొద్దున్న ఆ పిల్ల లేచి కూర్చుని తినడానికేమైనా పెట్టమంది. అప్పట్నుంచీ గార్త్‌కి నిద్ర లేదు. మరీ సంతోషమొచ్చినా మనిషి అలా అయిపోతాడేమో అనుకున్నారంతా.

థియా చిన్నదాన్నే పెట్టుకుని బయల్దేరింది.

*

ఎల్క్ వేటకి ఇద్దరుండాలి. విల్లు పట్టినవాళ్లు ముందు కూర్చుంటారు. రెండోవాళ్లు బాగా వెనక చెట్లలో నిలబడి, గొట్టం ఊదుతూ ఆడదుప్పిలా పిలుస్తారు. మగది ఆ పిలుపును వెతుక్కుంటూ వచ్చి ముందున్నవాళ్ల ఎదుట పడుతుంది. ముందున్న మనిషి వెనక్కి తిరగకూడదు. వీపు వెనకాల ఉన్నవాళ్లను నమ్మి కూర్చోవాలి, అంతే.

ఆ సాయంత్రం థియా అలాగే కూర్చుంది. ఎండ శిఖరాల మీంచి జారిపోయింది. తెల్ల బెరడు చెట్ల మీద పచ్చటి ఆకులు చిన్నగా గలగలమంటున్నాయి. వెనక గార్త్ పిలుపు రెండుమూడుసార్లు సన్నగా సాగింది. తర్వాత ఆగిపోయింది.

ఆకులూ ఆగిపోయాయి.

దుప్పి దగ్గరికొస్తే తడిసిన మేకల దొడ్డి వాసనొస్తుంది. ఇది ఆ వాసన కాదు. ఏళ్ల తరబడి మూసి ఉంచిన గది తలుపు ఎవరో తెరిచినట్టుంది. వెనక ఆకుల మీద అడుగులు. బరువుగా... నెమ్మదిగా... రెండు కాళ్ల అడుగులు.

"అన్నా?" అంది పెదాలు కదపకుండా.

మెడ మీద వెంట్రుకలు మెల్లగా పక్కకి ఒరిగాయి. ఎవరో దగ్గరగా వంగి వాసన చూసినట్టు... చాలాసేపు...

తర్వాత ఏమీ లేదు.

"ఇవాళ రాదులే. పద" అంటూ వచ్చాడు గార్త్. ఆమె మొహంలోకి చూడలేదు.

*

గుడారం బయట గార్త్ పెనం మీద మాంసం వేయిస్తున్నాడు. థియా లోపల కూర్చుని కెమెరాలో పడినదాన్ని ఫోనులో చూసింది. ముందు కంటికి ఖాళీ గడ్డి. వెనక కంటి బొమ్మకి మార్చింది.

చెట్ల మధ్య గార్త్ నిలబడి ఉన్నాడు. చేతిలో గొట్టం లేదు. అతని వెనక, థియా చెట్టనుకున్నది కదిలింది. గార్త్ ఉలిక్కిపడలేదు. పెద్దమనిషికి దారిచ్చినట్టు పక్కకి తప్పుకున్నాడు. చెయ్యెత్తి థియా వీపును చూపించాడు.

అది దగ్గరికొచ్చేకొద్దీ బొమ్మంతా చీకటైపోయింది. ఆ చీకటి అలాగే ఉండిపోయింది. మళ్లీ వెలుతురొచ్చేసరికి అది గార్త్ ముందు నిలబడి ఉంది. గార్త్ తల అడ్డంగా ఊపుతున్నాడు. ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మెల్లగా అన్నాడు.

"రూత్... మేబెల్... నీలం తలుపు ఇల్లు..."

పెనం మీద చుయ్‌మనే చప్పుడు ఆగింది.

"అంతా పడిందా?" గుడారం గుడ్డకి అవతలి నుంచి గార్త్ గొంతు.

థియా ఫోను ఆర్పేసింది.

"నేను నిన్నే ఇచ్చానే. ఒట్టు. అదే నిన్ను వద్దంది."

"వాళ్లు నీ చేతుల మీద పెరిగారన్నా."

"కేసీ కూడా పెరగాలి కదా."

"నా పిల్లల్ని తీసుకుపోతుందా?"

"తీసుకుపోదంట" అన్నాడు గార్త్. "ఉంటానంది."

థియా బండి తాళాలు తీసుకుని బయటికొచ్చింది. గార్త్ అడ్డం రాలేదు. మోకాళ్ల మీద కూర్చుని పెనంలో ముక్కలు తిరగేస్తూ ఉండిపోయాడు. చిన్నప్పట్నుంచీ ఆమె చూస్తున్న వీపే అది. ఇప్పుడు ఎవరిదో అనిపించింది.

బండిని రాళ్ల దారిలో ఎలా దించిందో ఆమెకే తెలీదు. వంతెన దాటాక ఫోనుకి సిగ్నల్ తగిలింది.

"ఏంటి, అప్పుడే కొట్టేశావా?" అన్నాడు కోల్ నవ్వుతూ.

"పిల్లలెక్కడ?"

"ఇక్కడే. రూత్ పళ్లు తోముకుంటోంది. మేబెల్ సోఫాలో పడి నిద్రపోయింది, బొంత కూడా కప్పాన్లే. ఏమైంది? ఆ రొప్పేంటి?"

థియాకి ఒక్కసారి ఊపిరొచ్చింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి. "గడియలన్నీ పెట్టెయ్. ఎవరొచ్చినా తలుపు తియ్యకు. నేను వచ్చేస్తున్నా."

"ఎవరొస్తారే, నీ చాదస్తం గానీ. ఉండుండు, బాబు ఫోను లాగేస్తున్నాడు. పొద్దుట్నుంచీ అమ్మేదీ అమ్మేదీ అని ఒకటే గొడవ."

థియా కాలు బ్రేకు మీద బిగుసుకుపోయింది.

"ఏ బాబు, కోల్?"

"ఏ బాబేంటే?" కోల్ మళ్లీ నవ్వాడు, రోజూ నవ్వే నవ్వే. "ఇదిగో నాన్నా, మాట్లాడు. అమ్మ వింటోంది."

ఫోను చేతులు మారిన చప్పుడు.