పేజీ తిప్పే చెయ్యి

పొద్దున్న టిఫిన్ అయ్యాక ప్లేట్లు తీసేసి, బల్లను తడిగుడ్డతో తుడిచి, దానిమీద చెక్క స్టాండు పెట్టి, స్టాండు మీద పుస్తకం తెరవడం ఆ ఇంట్లో ఎనిమిది నెలలుగా జరుగుతున్న పని. భార్య కుర్చీకి కుడిపక్కన భర్త తన కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఇద్దరూ చదువుతారు. కాసేపటికి ఆయన "అయిందా?" అని అడుగుతాడు. ఆవిడ తల ఊపుతుంది. ఆయన కాగితం తిప్పుతాడు.

ఆయన్ని వీధిలో అందరూ అట్టల మాస్టారు అంటారు. పాఠాలు చెప్పిన మాస్టారు కాదు. నలభై ఏళ్ళుగా ఇంటి ముందుగదిలో పుస్తకాలు బైండు చేస్తున్నాడు. వెన్ను విరిగిన నిఘంటువులు, కోర్టు కాగితాలు, పిల్లలు చింపుకొచ్చిన పాఠ్యపుస్తకాలు, ఏవి తెచ్చినా విప్పి, కుట్టి, జిగురు పూసి, కొత్త అట్ట వేసి ఇచ్చేవాడు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు మందుల షాపులో పనిచేసింది. ఏ డాక్టరు గీసిన కోడిగీతలైనా ఇట్టే చదివేసేది. ఒక్క మా ఇంటాయన రాతే నాకు అంతుపట్టదు అని నవ్వేది. ఇంట్లో ఆయన కుట్టిన పుస్తకాల్లో ఆవిడ చదవనిది లేదు.

కిందటేడాది చివర్లో ఆవిడకు పక్షవాతం వచ్చింది. కాలు చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తుంది. మాట కూడా వచ్చింది గాని, చెప్పదలుచుకున్నది ఎక్కడో లోపల్నుంచి తోడి తెచ్చుకోవాల్సి వస్తుంది. కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఒళ్ళో ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడి ఉంటుంది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన మర్నాడే మాస్టారు ఆ చెక్క స్టాండు తయారుచేశాడు. ఇకనుంచి నీకు కుడిచెయ్యి నేనే అన్నాడు. ఆ మాటకు ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయన దాన్ని మహాభాగ్యంగా దాచుకున్నాడు.

ఆ ఆదివారం కూతురు వచ్చేసరికి ఇద్దరూ స్టాండు ముందే ఉన్నారు. కూతురు గ్రంథాలయంలో పనిచేస్తుంది. సంచిలోంచి పుస్తకాలు తెరమీద చదువుకునే మూడు ఈ-రీడర్లు తీసి బల్లమీద వరసగా పెట్టింది. కొనబోయేవాళ్ళు చూసుకోవడానికి గ్రంథాలయం వాళ్ళు వారం రోజులు ఇస్తారట. ఒకటి పళ్ళెమంత పెద్దది. అక్షరాలు చింతగింజలంత చేసినా పేజీకి సరిపడా పట్టేస్తాయి, స్టాండు మీద నిలబెట్టుకోవచ్చు. రెండోది మధ్యస్తం. రాత్రి పసుపు వెలుగు ఇస్తుంది, నీళ్ళు పడ్డా పాడవదు, తెరమీద వేలు ఆనిస్తే పేజీ మారుతుంది. మూడోది అరచేతికి కాస్త పెద్దది. ఒకపక్క అంచు మందంగా ఉండి, దానిమీద రెండు బటన్లున్నాయి.

మాస్టారు ఒక్కోదాన్నీ తిప్పి చూసి కింద పెట్టేశాడు.

"పుస్తకమన్నాక వెన్ను ఉండాలే అమ్మాయ్. దీనికి వెన్నేది?"

కూతురు ఊరుకోలేదు. ముందుగదిలో మూడు నెలల నుంచి పేరుకున్న పని చూపించింది. కుట్టవలసిన ఫారాలు, మడిచిన కాగితాలు, కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. అడిగి అడిగి విసిగి పుస్తకాలు వెనక్కి తీసుకుపోయిన వాళ్ళున్నారు. పక్కకు వంగి కూర్చుని ఆయన మెడ పట్టేసింది, పొద్దున్నే దిండు మీంచి తల ఎత్తలేకపోతున్నాడు. నీకోసమైనా ఒకటి తీసుకుందాం అంది. మధ్యస్తంది మంచిదని ఆమె ఉద్దేశం. బరువులు, అక్షరాల సైజులు, ఒకసారి ఛార్జి చేస్తే ఎన్నాళ్ళొస్తుంది, అన్నీ కాగితం మీద గళ్ళు గీసి రాసుకొచ్చింది.

తెరమీద వేలు ఆనించాలంటే పట్టుకున్న చెయ్యి వదలాలి కదా, అదెక్కడ కుదురుతుంది అన్నాడు మాస్టారు. ఒళ్ళో పెట్టుకోవచ్చు అంది కూతురు. ఒళ్ళోంచి జారితే వంగి తీసుకునేదెవరు అన్నాడాయన. అరగంట సేపు తండ్రీ కూతుళ్ళు అలా వాదించుకున్నారు. మధ్యలో కూర్చున్న మనిషి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. రెండుసార్లు ఏదో చెప్పబోయింది. ఆ మాట పెదాల దాకా వచ్చేలోగా వాళ్ళు ఇంకో విషయంలోకి వెళ్ళిపోయారు.

కూతురు మూడింటినీ అక్కడే వదిలి వెళ్ళింది.

బుధవారానికి మాస్టారు మనసు కొంచెం మెత్తబడింది. మెడనొప్పి తట్టుకోలేక పెద్దదాన్ని స్టాండు మీద పెట్టి చూశాడు. అక్షరాలు పెద్దవి, వెలుతురు కళ్ళకు గుచ్చుకోవడం లేదు, నిటారుగా కూర్చున్నా ఇద్దరికీ కనబడుతోంది. పేజీ తిప్పాలంటే ఆయన చెయ్యి చాపి వేలు ఆనిస్తే చాలు. కొంటే ఇదే కొనాలి అనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం జిగురు డబ్బా కొనడానికి వెళ్ళి తొందరగా తిరిగొచ్చాడు. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని ఎడమచేతిలో చిన్న ఈ-రీడరు పట్టుకుని ఉంది. చెప్పుల చప్పుడు విని గబుక్కున దాన్ని దుప్పటి కిందకు తోసేసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన దగ్గర ఏదైనా దాచడం ఆయన చూడలేదు. ఏమిటది అని అడక్కుండా జిగురు డబ్బా పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు నిలబడిపోయాడు. ఆ పూట కాఫీ గ్లాసు అందిస్తూ కూడా ఆవిడ ముఖంలోకి చూడలేదు.

మళ్ళీ ఆదివారం కూతురు రాగానే ఆయనే మొదలుపెట్టాడు. పెద్దది తీసుకుందాం, ఇక దాని గురించి మాటలొద్దు అన్నాడు. కూతురు తన కాగితం తీసింది. పెద్దది అమ్మ మోయలేదు, మంచంమీద పడుకుని చదవలేదు అంది. మోయాల్సిన పనేముంది, నేను లేనా అన్నాడాయన.

"చిన్నది."

ఇద్దరూ ఆగి అటు చూశారు. ఆవిడ బల్లమీది చిన్నదాన్ని ఎడమచేత్తో తీసుకుంది. మందపాటి అంచు అరచేతిలో ఇమిడింది. బొటనవేలు బటన్ మీద పడింది. నొక్కితే పేజీ మారింది. ఇంకోసారి నొక్కింది. మళ్ళీ మారింది. తలెత్తి కూతుర్ని చూసింది.

"ఇది నాకు."

మాస్టారు మందలింపుగా నవ్వాడు. అది మరీ ఇరుకు, పట్టుమని పది వాక్యాలు పట్టవు, పైగా ఎంతసేపని పట్టుకుంటావు, చెయ్యి లాగదూ అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. దాంతో ఆయన అసలు మాట బయటపడింది.

"అంత చిన్నదాంట్లో ఇద్దరం ఎలా చూస్తాం?"

ఆవిడ మాటలు పోగుచేసుకుంటోంది. కూతురు ఏదో అందించబోతే ఎడమచెయ్యి ఎత్తి ఆపింది.

"ఇద్దరం... చూడక్కర్లేదండీ."

మాస్టారి ముఖం మాడిపోయింది. గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజు కూడా పెంచలేదు. కానీ ఒక్కో మాటా బరువుగా పడింది. ఎనిమిది నెలలుగా ఒక్క పూట నాగా పెట్టానా, నా పని పాడైనా పట్టించుకున్నానా, నువ్వు అడక్కముందే పేజీ తిప్పలేదూ అన్నాడు. నా పక్కన కూర్చోవడం అంత కష్టంగా ఉందని ముందే చెబితే పోయేది కదా, దుప్పటి కింద దాచుకోవడం ఎందుకు అన్నాడు. దాచుకున్న మాట విని కూతురు తెల్లబోయింది.

ఆవిడ కళ్ళు నిండాయి. అయినా చూపు మరల్చలేదు.

"అదే. అడక్కముందే తిప్పేవారు." ఊపిరి తీసుకుంది. "నేను ఇప్పుడు... నెమ్మది. పేజీలో సగం దాకా వచ్చేసరికి... అయిందా అనేవారు. అయిందనేదాన్ని."

"కాలేదని చెప్పొచ్చుగా అమ్మా," అంది కూతురు.

"మెడ పట్టుకుని కూర్చుంటారు. పని మానుకుని. ఏమని చెప్పను?" ఆగింది. "ఏ కథా... నాకు పూర్తిగా తెలీదు. ఒక్కటి కూడా."

మాస్టారు లేచి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. కూతురు వెనకాలే వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగి, తిరిగొచ్చి తల్లి పక్కన కూర్చుంది. గళ్ళు గీసిన కాగితం నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. మూడింట్లో నీకేది కావాలని నేనూ అడగలేదమ్మా అంది చిన్నగా. తల్లి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మర్నాడు పొద్దున్న మాస్టారు మామూలుగానే బల్ల తుడిచాడు, స్టాండు పెట్టాడు, పుస్తకం తెరిచాడు. కుర్చీ మాత్రం పక్కన వేసుకోలేదు. బల్లకు అవతల, ఆవిడకు ఎదురుగా వేసుకున్నాడు. ఒక్క పేజీ చదివి, అయ్యాక వేలు ఎత్తమన్నాడు. ఎందుకన్నట్టు చూసింది ఆవిడ. ఒక్కసారికి చదువు అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆయన పేజీ వైపే చూశాడు. ఆవిడ కళ్ళ వైపు చూడటం అదే మొదలు. ఆ కళ్ళు ఒక వరస వెంట మెల్లగా నడిచి, చివరికి చేరి, కింది వరస మొదలు ఎక్కడుందో దొరక్క వెతుక్కుని, తప్పి, పైకి వచ్చి, మళ్ళీ దిగుతున్నాయి. రోజూ "అయిందా" అని అడిగే సమయం వచ్చిందని ఆయనకు లోపల తెలిసిపోయింది. ఆ సమయానికి ఆవిడ నాలుగో పేరా కూడా చేరలేదు. తన చెయ్యి అలవాటుగా పుస్తకం వైపు కదలడం చూసుకుని, దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ ఎక్కడా ఆగలేదు. అంత ఓపికగా, అంత కష్టపడి ఆవిడ చదువుతుంటే తను రోజూ మధ్యలో లాక్కున్నాడన్నమాట. ఎంత ప్రేమగా లాక్కున్నా లాక్కోవడమే కదా.

చాలాసేపటికి ఆవిడ వేలు ఎత్తి, తలెత్తి చూసింది. ఆయన ఏడుస్తున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు గాని తుడిచిన కొద్దీ వస్తోంది.

"నేను నీ కుడిచెయ్యి అనుకున్నానే," అన్నాడు. "నీ కళ్ళను కూడా నేనే లాక్కుపోయాను."

ఆవిడ బల్లమీదుగా ఎడమచెయ్యి చాపింది. జిగురు మరకలున్న ఆయన వేళ్ళు పట్టుకుంది. మీరు లేకపోతే అన్నం కూడా తినేదాన్ని కాదు, ఆ సాయమూ ఈ చదువూ ఒకటి కాదు, అని చెప్పడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. ఆయన తొందరపెట్టలేదు.

మూడింటినీ కూతురు గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేసింది. చిన్నదానిలాంటిదే కొత్తది కొనుక్కొచ్చింది. దానికి మంచి తోలు అట్ట వేస్తానని మాస్టారు కొలతలు తియ్యబోయి ఆగి, వెయ్యనా అని ఆవిడ్ని అడిగాడు. వద్దు, బరువు పెరుగుతుంది అంది. మరి చేతిలోంచి జారకుండా ఏం చెయ్యమంటావు అన్నాడు. ఆలోచించి, వెనక ఒక పట్టీ అంది ఆవిడ. నాలుగు వేళ్ళు దూర్చుకునేటట్టు. మెత్తటి గుడ్డతో పట్టీ కుట్టాడు. మొదటిసారి బిగుతైంది, విప్పాడు. రెండోసారి వదులైంది. మూడోసారి చిటికెనవేలు దగ్గర ఒరుసుకుంటోందంది. పుస్తకాలు కుట్టడంలో ఎవరి చేతా రెండో మాట అనిపించుకోని మనిషి, నాలుగోసారి కూడా కిమ్మనకుండా దారం తెంపి మళ్ళీ కుట్టాడు. ఆవిడ చేతికి తొడుక్కుని, బటన్ నొక్కి, ఆఁ, ఇదీ అంది.

ఇప్పుడు ఆవిడ టిఫిన్ కాగానే కిటికీ దగ్గరకు వెళ్ళిపోతుంది. ఆయన ముందుగదిలో పని చూసుకుంటాడు. మొదటి రోజుల్లో ఆయనకు ఇల్లంతా బోసిగా ఉండేది. పదిసార్లు లేచి గుమ్మం దాకా వెళ్ళేవాడు. కిటికీ వెలుగులో ఆవిడ తల వంచుకుని ఉండేది, పెదవులు కొంచెం కదులుతుండేవి, ముఖంలో ఆయనకు చోటులేని ఏదో తృప్తి ఉండేది. పిలవకుండా వెనక్కి వచ్చేవాడు. అలా రావడం ఆయనకు సులువుగా అబ్బలేదు.

రెండు వారాలు గడిచాక ఒక పూట ఆయన ఫారాలు కుడుతుంటే కర్ర చప్పుడు దగ్గరగా వినిపించింది. ఆవిడ వచ్చి అట్టల కట్ట పక్కనున్న ముక్కాలిపీట మీద కూర్చుంది. కొత్తది చదవడంలేదని, వేసవిలో వాళ్ళిద్దరూ కలిసి చదివిన అన్నదమ్ముల నవలే మళ్ళీ మొదటి నుంచీ చదువుతోందని అప్పుడు తెలిసింది ఆయనకు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"పెద్దవాడు... ఉత్తరం... కాల్చలేదండీ," అంది. "ఆ మాట... పేజీ అడుగున ఉండుంటుంది. నేనప్పుడు చూళ్ళేదు."

మాస్టారికి ఆ సంగతి తెలుసు. ఉత్తరం ఎక్కడ దాచాడో, చివరికి ఎవరి చేతిలో పడిందో కూడా తెలుసు. వేసవిలో ఆవిడ పక్కనే కూర్చుని ఆ పేజీ చదివి, తిప్పేసింది ఆయనే. ఒకే పేజీ ఇద్దరూ చూసిన ఆ ఎనిమిది నెలల్లో వాళ్ళు ఏ కథ గురించీ ఒక్క మాట చెప్పుకున్నది లేదు.

సూది కింద పెట్టాడు. తన పీట ఆవిడ వైపు జరుపుకున్నాడు.

"కాల్చలేదా? మరేం చేశాడే?"

ఆవిడ మాట కోసం వెతుక్కోసాగింది. ఆయన ఎదురుచూస్తూ కూర్చున్నాడు.