వాక్యం చివరిదాకా

"మేడం, నాలుగో జల్లెడ కాడ…" అంది పోలమ్మ.

ఊర్మిళ చెవిపూసలో ఉండే పూరకం, ఎదుటివాళ్ల మాట పూరించే యంత్రం, అప్పటికే మిగతా వాక్యం చెప్పేసింది: జెల్లీ చేపలు పేరుకున్నాయి, మనుషులు కావాలి. జవాబూ అదే అందించింది.

"ఇద్దరిని పంపాను," అంది ఊర్మిళ.

పోలమ్మ నోరు ఇంకా తెరిచే ఉంది. మూసుకుని వెళ్లిపోయింది. ఆమె వెనక నిలబడ్డ మనిషి ముందుకు జరిగాడు.

ఉత్తరాంధ్ర ఊళ్లన్నీ సముద్రాన్నే తాగుతున్న కాలం అది. ఉప్పునీటిని మంచినీరు చేసే ఆ కేంద్రంలో మాట పూర్తిచేసిన మనిషి కనబడి ఏళ్లయింది. రెండు ముక్కలంటే చాలు, తక్కింది పూరకం చూసుకుంటుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇది అడగకముందే పెట్టేస్తుంది, పెట్టింది తినాల్సిందే. ఆ జవాబును మనిషి గొంతుతో పలకడమే శాఖాధిపతిగా ఊర్మిళ పని. మనిషి గొంతైతే పనివాళ్లకు ఉత్సాహం పుడుతుందని పైవాళ్ల నమ్మకం. సాయంత్రమయ్యేసరికి ఊర్మిళ గొంతు పచ్చిపుండయ్యేది. ఇంటికెళ్లి ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పూరకం కొత్త పని అప్పగించింది.

"పోలమ్మ. ఊహాంకం సున్నా. ఈ ఋతువులో ఒక్క కొత్త మాటా చెప్పలేదు. మౌనవిభాగానికి బదిలీ. షిఫ్టు ముగిసేలోగా సమ్మతం తెలపండి."

మౌనవిభాగం సముద్రం మధ్యలో ఉంది. అక్కడ బురద తోడాలి, మాటలతో పనిలేదు. వెళ్లినవాళ్లు ఆరేసి నెలలు ఒడ్డు మొహం చూడరు. తిరిగొచ్చాక పలకరించినా తల ఊపి ఊరుకుంటారు. ఊర్మిళ ఇదివరకు కొందరిని అలా పంపింది. సమ్మతం అంటే సరిపోయేది. ఆ తర్వాత నిద్రే పట్టేది కాదు.

కొత్త మాట చెప్పలేదా? చెప్పనిస్తేగా! తన మీద తనకే అసహ్యం వేసింది ఊర్మిళకు.

లేచి, సముద్రపు నీరు వడగట్టుకుని లోపలికొచ్చే నాలుగో జల్లెడ దగ్గరికి నడిచింది. పోలమ్మ పొడవాటి కర్రతో జెల్లీ చేపల్ని లాగుతోంది. ఊర్మిళ చెవిపూస తీసి గుప్పిట్లో పెట్టుకుంది. గోడ మీద పసుపు దీపాలు వెలిగాయి. శాఖాధిపతి చెవి మూసుకుంటే నిర్ణయాలు ఆగిపోతాయి, పంపులు నెమ్మదిస్తాయి.

"పొద్దున ఏదో చెప్పబోయావు. చెప్పు."

"అదే మేడం, నాలుగో జల్లెడ కాడ…" పోలమ్మ అక్కడే ఆగింది. జవాబివ్వడానికి ఊర్మిళ కూడా నోరు తెరిచింది. చెవిలో ఏమీ వినిపించకపోయేసరికి మూసుకుంది.

"తర్వాత?"

పోలమ్మ బెదిరిపోయింది. "తరవాతంటే ఏటి సెప్పమంటారు? ఇంతవరకే అనడం అలవాటైపోనాది."

"నేను ఆగుతాను."

పోలమ్మ కర్ర గోడకు ఆనించింది. చాలాసేపు జల్లెడనే చూసింది. "ఇది నిలువుగా ఉంది గదా. కూసింత ఏటవాలుగా పెడితే, సేటలోంచి పొట్టు జారినట్టు ఇయి జారిపోతాయేమోనని. పోవేమో కూడాను. నాకు తెల్దు మేడం, పెట్టి సూడాల."

నీటి ధార తగ్గుతుంది, పైవాళ్లు ఒప్పుకోరు. అభ్యంతరాలన్నీ ఊర్మిళ నాలుక చివరికి వచ్చాయి. మింగేసింది.

"పెట్టి చూడ్డానికి నీకేం కావాలి?"

ఈ ఉద్యోగంలో ఆమె ఎవరినీ ఆ మాట అడిగి ఎరగదు.

"ఒక్క పూట. జోగినాయుడు సాయం. పాడైపోతే మరి?"

"పాడైతే నాది. బాగుపడితే నీది."

పోలమ్మ మొహం తిప్పుకుని కొంగుతో కళ్లొత్తుకుంది.

ఊర్మిళ చెవిపూస మళ్లీ పెట్టుకుంది. పూరకం కాచుకునే ఉంది. "పోలమ్మ బదిలీ. సమ్మతమా?"

"పోలమ్మని…"

"…పంపుతున్నాను. సమ్మతం నమోదైంది."

ఊర్మిళ నీరుగారిపోయింది. ఇన్నాళ్లూ తన మాటలూ చివరిదాకా వెళ్లలేదన్నమాట.

"రద్దు," అంది.

"కారణం?"

"ఆమె…"

"…ఆరోగ్యం బాగోలేదు. నమోదు చేయనా?"

"వద్దు."

"కారణం?"

ఊర్మిళ పెదవులు బిగించింది. నోరు తెరిస్తే చాలు, మిగతాది పూరకమే అల్లేస్తుంది. కారణం చెప్పందే రద్దు ముగియదు. రద్దు ముగియందే బదిలీ కదలదు, పూరకం మరో పనికి పోలేదు. పంపులు ఒక్కొక్కటీ ఆగాయి. కాసేపట్లో ఊళ్లలో కుళాయిలు ఎండిపోతాయి. రేపు ఆమెను నిలదీస్తారు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. భయం వేసింది. అయినా నోరు విప్పలేదు.

జోగినాయుడు పరుగెత్తుకొచ్చాడు. జల్లెడల దగ్గర పోలమ్మతో కలిసి పనిచేసే మనిషి.

"మేడం, పంపులు…" అని జవాబు కోసం ఆగాడు.

ఊర్మిళ గట్టు మీద చతికిలబడి, చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది. అతను పోలమ్మ వైపు చూశాడు.

"సెప్పరా, ఇంటారు," అంది పోలమ్మ.

చెవిలో పూరకం మళ్లీ కారణం అడిగింది. జోగినాయుడు గుటక మింగి, ఒక్కో మాటా వెతుక్కున్నాడు.

"పంపులు ఆగిపోనాయి మేడం. ఆగితే ఆగినాయి గాని… నాకూ ఒకటి సెప్పాలనుంది."