జున్నుకి నలుగు

రచన తలుపు తియ్యకముందే కౌస్తుభ్‌కి వాసన తగిలింది. కాలిన రబ్బరూ కుళ్ళిన వెల్లుల్లీ కలిసి ముక్కులో కాపురం పెట్టినట్టుంది. ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే పుట్టి పెరిగినా స్కంక్ ప్రతాపాన్ని ఇంత దగ్గరగా చూడడం అతనికిదే మొదలు. పిల్లి అంత జంతువు తోకెత్తి ఒక్కసారి కంపు చిమ్మితే అపార్ట్‌మెంట్ అంతా హడలిపోయింది. అతనికి భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ కలిగింది.

"లోపలికి రా. నవ్వావంటే చంపేస్తా" అంది రచన.

బాత్‌టబ్‌లో ఆమె తెల్లపిల్లి జున్ను పచ్చగా మెరిసిపోతోంది.

"ఏం చేశావ్?"

"పొద్దున్నే వీడు పేషియో తలుపు సందులోంచి జారుకుని స్కంక్‌ని పలకరించి వచ్చాడు. అమ్మకి కాల్ చేస్తే, సున్నిపిండిలో పసుపు కలిపి నలుగు పెట్టమంది."

"స్మెల్ పోలేదు గానీ పెళ్లికొడుకు రెడీ."

రచన నవ్వలేదు. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాలుగింటికి ఫ్లైట్, కౌస్తుభ్. ఈ కంపుతో వీణ్ణి ఎక్కనివ్వరు. వీణ్ణి వదిలి నేను వెళ్ళను. చాండ్లర్‌లో కొత్త ఉద్యోగం ఇచ్చినవాళ్ళు జాయినింగ్ డేట్ ఇప్పటికే రెండుసార్లు మార్చారు. మళ్ళీ అడిగితే ఆఫర్ పోతుంది."

కౌస్తుభ్ పనిచేసేది కెమిస్ట్రీ ల్యాబ్‌లో. ఈ వాసన ఎలా పోతుందో అతనికి తెలుసు. నోరు మూసుకుంటే చాలు, రచన ఇక్కడే ఉండిపోతుంది. ఏడాదిగా ఆమెతో చెప్పాలనుకున్నది రేపైనా చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి సిగ్గేసింది.

"త్రీ పర్సెంట్ పెరాక్సైడ్, బేకింగ్ సోడా, గిన్నెలు కడిగే లిక్విడ్ తీసుకురా. సీసాలో కలపకు, గ్యాస్ వచ్చి పేలుతుంది. వాడి కళ్ళలో పడకుండా నువ్వు చూడు."

గిన్నెలో కలపగానే నురగ పొంగింది. అతను మెడ నుంచి తోక దాకా పట్టించాడు. రచన నేల మీద కూర్చుని జున్ను తలని అరచేతుల్లోకి తీసుకుంది.

"నా బంగారం కదూ. అయిదే నిమిషాలు."

నీళ్ళంటే గోళ్ళు దింపే పిల్లి ఆ చేతుల్లో కళ్ళు మూసుకుని కదలకుండా ఉండిపోయింది. కౌస్తుభ్ రుద్దడం మరిచి చూస్తుండిపోయాడు. ల్యాబ్‌లో ఎన్నో వింతలు చూశాడు. ఇంత భయాన్ని అణిచే మందు మాత్రం అక్కడ కనపడలేదు. తను ఈ అమ్మాయిని ఎంతగా ప్రేమిస్తున్నాడో అప్పుడు పూర్తిగా తెలిసింది.

రెండుసార్లు కడిగారు. రచన జున్నుని టవల్‌లో చుట్టి అతని ముందుకి చాపింది.

"నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. నువ్వు చెప్పు, ఇంకా ఉందా?"

అతను తడి బొచ్చులో ముక్కు పెట్టి గట్టిగా పీల్చాడు. సబ్బు, కాస్త పసుపు, అంతే. ఉందని ఒక్క మాటంటే ఆమె వెళ్ళదు.

"లేదు. నువ్వు వెళ్ళొచ్చు."

రచన జున్నుని దగ్గరికి తీసుకుంది.

"ఉందని అబద్ధం చెప్తావనుకున్నా."

"ఎందుకు?"

"నేను వెళ్తున్నానని చెప్పిన రోజు నుంచీ నీ మొహం చూస్తున్నాగా."

అతను తడి చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు.

"నువ్వంటే నాకిష్టం, రచనా. వెళ్ళొద్దని అడగాలనుంది. కానీ అడగను."

"ఇన్నాళ్ళు ఆగి ఈ కంపులోనా చెప్పేది?" ఆమె నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నేనిక్కడ ఆగలేను. నువ్వక్కడికి రాగలవా?"

ఇంత పెద్ద ప్రశ్నకి జవాబు ఇంత తేలిగ్గా ఉంటుందని కౌస్తుభ్ ఎన్నడూ అనుకోలేదు.

"వస్తా" అన్నాడు.