బోర్డు మీద ఖాళీ చోటు

"ఇంగొకసారి చూడన్నా, యాడో ఈడ్నే ఉంటాది," అంటూ మస్తాన్ వలీ టార్చి పట్టుకుని విమానం కిందికి దూరాడు.

విమానాల మెకానిక్ అమ్మిరాజు షెడ్డు గోడకున్న బోర్డునే చూస్తున్నాడు. దాని మీద ప్రతి పనిముట్టు బొమ్మా రంగుతో గీసి ఉంటుంది. పని అయ్యాక దేని బొమ్మ మీద దాన్ని తగిలించాలి. ఇప్పుడు చిన్న స్క్రూడ్రైవర్ చోటు ఖాళీగా ఉంది.

మూలన కూర్చున్న అతని కూతురు కెజియా బ్యాగుని ఒళ్లో గట్టిగా పట్టుకుంది. స్క్రూడ్రైవర్ అందులోనే ఉంది మరి!

రేపు కెజియా, అమ్మ సౌదీ వదిలేసి ఎగ్జిట్ వీసా మీద రాజమండ్రి వెళ్లిపోతున్నారు. ఇంట్లో ఒక్కొక్కరికీ నెలనెలా ఇక్కడి సర్కారుకి లెవీ పన్ను కట్టాలంటే నాన్న జీతం చాలడం లేదు. ఇక నాన్న ఒక్కడే దమ్మాంలో ఉంటాడు. ఆయన రోజూ పట్టుకునే వస్తువొకటి తన దగ్గరుండాలనుకుంది పిచ్చిపిల్ల. సాయంత్రం ముగ్గురూ కలిసి సముద్రం దగ్గరికి వెళ్లాలి కూడా.

"మస్తానూ, ఫ్లోర్ ప్యానెళ్లు విప్పేద్దాం," అన్నాడు అమ్మిరాజు.

"పొద్దన్నుంచి బిగిస్తిమి కదన్నా! పాప రేపు పోతాండాది. నువ్వు ఇంటికి పో."

"ఎలా పోతాన్రా? అది లోపల విమానాన్ని తిప్పే తీగల మధ్య పడుంటే? ఇక్కణ్ణుంచి కెన్యాలో మిషన్ ఆస్పత్రికెళ్లే విమానం ఇది. రోగుల్ని ఎక్కించుకుంటారు. గాల్లో ఉండగా తీగ ఇరుక్కుందంటే అందరూ పోతారు."

కెజియా బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసింది. చెబితే నాన్న తిడతాడేమో. చెప్పకపోతే? ప్యానెళ్లు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. ఇక కూర్చోలేకపోయింది.

"నాన్నా... నేనే తీశాను."

అమ్మిరాజు స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "ముందే చెప్పొచ్చుగా తల్లీ," అన్నాడంతే. తిట్టినా బాగుండేదనిపించింది కెజియాకి.

విప్పినవన్నీ మళ్లీ బిగించాలి. కెజియా ఏడుస్తూనే స్క్రూలు అందించింది. పని అయ్యేసరికి బయట చీకటి పడింది. సముద్రం మాట ఎవరూ ఎత్తలేదు.

"పదమ్మా, అమ్మ ఎదురుచూస్తుంటుంది," అన్నాడు నాన్న.

కెజియా కదల్లేదు. ఎవరూ అడక్కుండానే తన బ్యాగు తెరిచి బల్ల మీద బోర్లించింది. పెన్సిళ్లు, దువ్వెన, రబ్బరు బ్యాండ్లు. వాటి కింద గ్రీజు మరకల చేతిరుమాలు.

"ఇది కూడా నీదే నాన్నా. అడక్కుండా తీశాను," అంది.

అమ్మిరాజు దాన్ని మడతపెట్టి కూతురి చేతిలో పెట్టాడు. "ఇది విమానానిది కాదమ్మా. నాది. తీసుకెళ్లు," అని గోడ వైపు తిరిగిపోయాడు.

కెజియా వెళ్లి, ఆ రుమాలుతోనే నాన్న కళ్లు తుడిచింది.