బంధుత్వం కాలమ్

"ఇది అప్లికేషన్ ఫారమ్ అండీ. డ్రాయింగ్ పుస్తకం కాదు."

సైపిన్ ఆ కాగితాన్ని అతని వైపు తిప్పి పెట్టింది. 'గతంలో వచ్చిన జబ్బులు' అన్న చోట రాసింది మూడే మూడు మాటలు. మార్జిన్‌లో మాత్రం ఒక ఆర్కిడ్ తీగ కింది నుంచి పాకి, పై మూలకెళ్ళి రెండు పూలు కూడా పూసింది.

"చేతిలో పెన్నుంటే ఊరుకోలేనండీ. ఉద్యోగమే అది" అన్నాడతను.

పేరు ఫింటన్. ఐర్లండ్ మనిషి. చియాంగ్ మాయ్ ఊరి బయట కొండ కింద ఉన్న మొక్కల తోటలో ఆర్కిడ్ల బొమ్మలు గీస్తాడు. వచ్చి రెండేళ్ళయింది. ఆరోగ్య బీమా శనివారంతో అయిపోతోంది. అది గుర్తొచ్చింది గురువారం మధ్యాహ్నం.

కోట కందకం పక్కనున్న చిన్న ఆఫీసులో సైపిన్ ఏజెంటు. ఊళ్ళో ఉండే ఫరాంగ్‌లకి, అంటే తెల్లవాళ్ళకి, బీమా చేయించడం ఆమె పని. ఆరేళ్ళలో ఆమెకి తెలిసిన ఫరాంగ్‌లు రెండే రకాలు. తుమ్మితే ఆస్పత్రికి పరిగెత్తేవాళ్ళు, ఒళ్ళు కాలిపోతున్నా మందుల షాపులో బామ్ కొనుక్కుని సరిపెట్టుకునేవాళ్ళు. ఇతను రెండో రకం అని చూడగానే తెలిసింది.

"మోటార్‌సైకిల్ లైసెన్స్ ఉందని టిక్ పెట్టారు. చూపించండి."

అతను తీసిచ్చాడు. సైపిన్ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మీ దేశంలో కారుకి ఇచ్చింది."

"కారు నడిపేవాడికి స్కూటర్ ఒక లెక్కాండీ?"

"కారు ఆపితే పడిపోదు కదా."

"ఒక్క టిక్కే కదా సైపిన్ గారూ. ఈ ఊళ్ళో స్కూటర్ నడిపే ఫరాంగ్‌లలో ఎంతమందికి లైసెన్స్ ఉంది చెప్పండి."

"లేనివాళ్ళ ఫారమ్ మీద నేను సంతకం పెట్టను."

ప్రతి ఫారమ్ కింద 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టడం ఆమె పద్ధతి. ఆఫీసులో మిగతావాళ్ళు ఆ మాటకి రబ్బరు స్టాంపు వాడతారు. ఆమె చేత్తో రాస్తుంది, ప్రతి అక్షరం చదివాకే.

"పక్క వీధిలో అయిదు నిమిషాల్లో చేసిస్తారట" అన్నాడు ఫింటన్, ముఖం ఎర్రగా చేసుకుని.

"వెళ్ళండి. గొడుగుందా? వానొచ్చేలా ఉంది."

విసురుగా తలుపు తీసుకుని వెళ్ళాడు. మెట్టు దిగాడో లేదో, వాన అందుకుంది. మామూలు వాన కాదు, కందకం అవతలి గట్టు కూడా కనబడని వాన. పౌరుషంగా బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి ఎలా వస్తాడు? అద్దం తలుపు బయట, రేకు కింద నిలబడ్డాడు. పావుగంట అయింది. అరగంట అయింది.

సైపిన్ కంప్యూటర్ వైపు చూస్తున్నట్టు చూస్తోంది. అతను తడిసిన అద్దం మీద ఊదాడు. ఆ ఆవిరి మీద వేలితో గొడుగు పట్టుకున్న కప్ప బొమ్మ గీశాడు. కప్ప ముఖం అచ్చం అతని ముఖంలాగే ఉంది, అలిగి.

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని టీ కప్పులో దాచుకుని, ఇంకో కప్పు పట్టుకుని బయటికెళ్ళింది.

"తాగండి. ఒక సంగతి చెబుతాను" అంది. "ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో హాలండ్ పెద్దాయన ఒకరు వచ్చారు. ఇదే ప్రశ్న. ఆయన్ని అడగనైనా అడగలేదు, ఫారమ్ త్వరగా అయిపోతుందని నేనే టిక్ పెట్టేశాను. ఎనిమిది నెలలకి లారీ గుద్దింది. లైసెన్స్ లేదు కాబట్టి కంపెనీ పైసా ఇవ్వకుండా తప్పుకుంది. స్నేహితులు చందాలు వేసుకుని చక్రాల కుర్చీలో విమానం ఎక్కించారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదండీ. తిట్టినా బాగుండేది."

ఫింటన్ టీ తాగడం ఆపాడు. కాసేపటికి లోపలికొచ్చి, రబ్బరు అడిగి, పెన్నుతో పెట్టిన టిక్ రబ్బరుతో పోదని తెలుసుకుని, కొత్త ఫారమ్ అడిగాడు.

సైపిన్ కొత్త ఫారమ్ ఇచ్చి చెయ్యి చాపింది.

"స్కూటర్ తాళం."

"అదెందుకు?"

"లైసెన్స్ వచ్చేదాకా నా దగ్గరుంటుంది. తోటకి ఎర్ర బండ్లు పోతాయి, అందరితోపాటు ఎక్కండి."

తాళం ఇచ్చాడు. ఎందుకిచ్చాడో అతనికే తెలియదు.

*

రవాణా ఆఫీసు పరీక్షలో రంగులు చూడటం, ప్రశ్నలకి జవాబులు రాయడం గట్టెక్కాడు. చివరిది చెక్క. నేలకి కాస్త ఎత్తులో మూరెడు వెడల్పు కూడా లేని పొడవాటి చెక్క. దాని మీద ఆఫీసువాళ్ళిచ్చే స్కూటర్ నెమ్మదిగా పోవాలి, కాలు కింద పెట్టకూడదు. ఫింటన్ మొదటిసారి మధ్యలో పడ్డాడు. వారం తర్వాత మొదట్లోనే పడ్డాడు. మూడోసారి చెక్క ఎక్కకుండానే పడ్డాడు. వెనకే వచ్చిన కాలేజీ పిల్ల ఒక చేత్తో జడ సర్దుకుంటూ దాటిపోయింది.

"వేగంగా పొమ్మంటే పోతానండీ, నెమ్మదిగా పోవడమే రావట్లేదు" అని ఫోన్‌లో మొర పెట్టుకున్నాడు.

"ఆదివారం మా అమ్మ అంగడి దగ్గరికి రండి" అంది సైపిన్. ఎందుకందో ఆమెకీ తెలియదు.

సైపిన్ తల్లి సంతలో జిగురన్నం అమ్ముతుంది. పొద్దున తొమ్మిదింటికల్లా సంత ఖాళీ. సైపిన్ సిమెంటు నేల మీద సుద్దముక్కతో చెక్కంత వెడల్పున రెండు గీతలు గీసి, తాళం ఇచ్చింది.

"చిన్నగా. ఇంకా చిన్నగా. చక్రం వైపు చూడకండి, చివర ఎక్కడికి చేరాలో అక్కడ చూడండి."

"చివర మీరున్నారు."

"అయితే నన్నే చూడండి."

చూశాడు. చూడటం మరీ ఎక్కువై, గీత దాటి, అరటి గెలల్లోకి దూరాడు.

తల్లి బుట్ట సర్దుకుంటూ చూస్తోంది. "ఎవరే ఈ అబ్బాయి? పడటం ఎంత చక్కగా పడుతున్నాడు" అంది. ఆకులో జిగురన్నం, కాల్చిన సాసేజీ పెట్టిచ్చింది. అతను వంక పెట్టకుండా చేత్తో ముద్ద చేసుకుని తిన్నాడు. రెండో ఆదివారం మారు అడిగితే పెట్టింది. మూడో ఆదివారం "కప్పబ్బాయి ఇంకా రాలేదేం?" అని తనే అడిగింది. అద్దం మీద కప్ప సంగతి ఇంట్లో చెప్పినందుకు సైపిన్ నాలుక కరుచుకుంది.

నాలుగో వారం చెక్క దాటాడు. లైసెన్స్ చేతికి రాగానే ఇద్దరూ ఖావ్ సోయ్ నూడుల్స్ దుకాణానికి వెళ్ళారు. లైసెన్స్ చెంపకి ఆనించుకుని, గడ్డం మీద కొబ్బరిపాల పులుసు కారుతుండగా, "తియ్యండి ఫోటో, మా అమ్మకి పంపాలి" అన్నాడు. సెల్ఫీలో సైపిన్ ముఖం సగమే పడింది. ఆ సగమూ నవ్వే.

పాలసీ కార్డు వచ్చిన రోజు సైపిన్ తాళం తిరిగి ఇచ్చేసింది.

"కార్డు పర్సులో కాదు, చొక్కా జేబులో పెట్టుకోండి. వెనక చూడండి, ఆపదలో ఎవరికి ఫోన్ చేయాలో రాసుకోవాలి. పేరు, నంబరు, బంధుత్వం."

"మా అమ్మ పేరా?"

"ఊళ్ళో ఉండేవాళ్ళది. మీ అమ్మగారికి ఫోన్ వెళ్ళి, ఆవిడ విమానం ఎక్కి వచ్చేసరికి ఎన్ని రోజులు?"

"ఊళ్ళో నాకెవరున్నారండీ?"

"ఎవరో ఒకరుంటారు. ఆలోచించుకుని రాయండి. నిజమే రాయండి."

ఆ తర్వాత కలుసుకోవడానికి కారణం లేకుండా పోయింది. ఫారమ్ అయిపోయింది, చెక్క అయిపోయింది. తనే ఫోన్ చేస్తే ఏమనుకుంటాడో అని ఆమె, ఏ వంక పెట్టుకుని వెళ్ళాలా అని అతను. మూడు ఆదివారాలు గడిచాయి. నేల మీద సుద్ద గీతలు వానకి కొట్టుకుపోయాయి.

"గీతలు మళ్ళీ గియ్యవేం?" అంది తల్లి.

"ఎవరికోసం గియ్యను?" అంది సైపిన్. ఆ ప్రశ్నకి జవాబు ఇద్దరికీ తెలుసు.

*

వర్షాకాలపు బౌద్ధ పండగ రోజు. ఊరంతా సెలవు. పొద్దున పది గంటలకి సైపిన్ ఫోన్ మోగింది.

"ఫింటన్ గారి బంధువులాండీ? ఆస్పత్రి నుంచి మాట్లాడుతున్నాం."

సైపిన్ ఏమైందని అడిగింది.

తోటకి వెళ్ళే రోడ్డు మీద కుక్క అడ్డం వచ్చింది. తప్పించబోయి కాలవలో పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదు గానీ మూడింటికి ఆపరేషన్ చెయ్యాలి. బీమా కంపెనీ నుంచి హామీ ఉత్తరం రాకపోతే వేరే ఆస్పత్రికి మార్చాలి. విరిగిన కాలితో అంత దూరం కదిలించడం డాక్టరుకి ఇష్టం లేదు.

ఆస్పత్రిలో పెద్ద నర్సు కార్డు చూపించింది. వెనక వైపు సైపిన్ పేరు, నంబరు ఉన్నాయి. బంధుత్వం కాలమ్ ఖాళీగా ఉంది.

"ఆయనకి మీరేమవుతారమ్మా?"

"ఏజెంటుని."

"నా ఫారమ్‌లో ఆ కాలమ్ లేదు. భార్య, తల్లిదండ్రులు, తోబుట్టువులు, బంధువులు. వీళ్ళలో ఎవరో ఒకరైతేనే ఆయన గదిలో తోడుండాలి. లేకపోతే కింద హాల్లో కూర్చోండి."

తలుపు సందులోంచి స్ట్రెచర్ మీద అతని పాదం కనిపిస్తోంది. మట్టి కూడా ఇంకా కడగలేదు. ఆరేళ్ళుగా ఒక్క తప్పు టిక్ పడనివ్వని సైపిన్ పెన్ను తీసుకుని 'బంధువు' అన్న చోట టిక్ పెట్టి సంతకం చేసింది.

తర్వాత కంపెనీ అత్యవసర నంబరుకి ఫోన్ చేసింది.

"పాలసీ ఉంది. లైసెన్స్ కాపీ పంపండి" అంది అవతలి ఆవిడ.

పర్సు కాలవలో కొట్టుకుపోయింది. కాపీ ఆఫీసు ఫైల్లో ఉంది. ఆఫీసు తాళం మేనేజరు దగ్గరుంది. మేనేజరు పండక్కి బాంకాక్ వెళ్ళాడు. అన్నీ సక్రమంగా రాయించి, నెల రోజులు చెక్క ఎక్కించి, చివరికి ఈయన్ని కూడా చక్రాల కుర్చీలోనే పంపాలా?

అప్పుడు గుర్తొచ్చింది, ఖావ్ సోయ్ దుకాణం ఫోటో.

లైసెన్స్ మీద నంబరు, తేదీ చదవడానికి వీలుగానే ఉన్నాయి. కొబ్బరిపాల గడ్డంతో సహా పంపేసింది. పది నిమిషాలు కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఫోన్ మోగింది.

"నంబరు రవాణా శాఖ రికార్డుతో సరిపోయిందండీ. హామీ ఉత్తరం పంపించేశాం."

సైపిన్ గోడకి ఆనుకుని నేల మీదే కూర్చుండిపోయింది.

"ఒక్క మాట" అంది అవతలి ఆవిడ. "ఫోటోలో పక్కన నవ్వుతున్నదెవరు?"

"నేనేనండీ. ఏజెంటుని."

"మా ఏజెంట్లెవరూ అలా నవ్వగా చూడలేదమ్మా" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

*

ఆపరేషన్ బాగా జరిగింది. మళ్ళీ నడుస్తాడు, చెక్క కూడా దాటతాడు అన్నారు డాక్టరు. సాయంత్రం అయిదింటికి ఫింటన్ కళ్ళు తెరిచేసరికి, తలుపు దగ్గర సైపిన్ తల్లి నిలబడి ఉంది. మోకాళ్ళ దాకా బురద. చేతిలో చేపలు దేవే వల, మీద తెల్ల గుడ్డ కప్పి ఉంది. పెద్ద నర్సు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా దారి ఇచ్చింది.

"ఎక్కడికెళ్ళావమ్మా ఇలా?" అంది సైపిన్.

"ఇంకెక్కడికి? అబ్బాయి పడ్డ చోటికి."

ఆవిడ నమ్మకం ప్రకారం మనిషి దెబ్బ తిని పడితే లోపలుండే ఖ్వాన్, అంటే జీవాత్మ, బెదిరిపోయి అక్కడే ఉండిపోతుంది. అది తిరిగి రాకపోతే కట్టు కట్టినా మనిషి కోలుకోడు. గుడ్డు, అరటిపండు, అన్నం ముద్ద వలలో పెట్టి, బుజ్జగించి, దేవి తీసుకురావాలి.

"ఇంట్లో పెద్దవాళ్ళు పిలిస్తేనే వస్తుందంటావు కదమ్మా" అంది సైపిన్, గొంతు తగ్గించి.

"వచ్చింది. వల బరువెక్కింది" అంది తల్లి. "కాలవలో ఏం పని నీకు, చలిలో ఉండకు, మా ఇంటికి రా నాయనా అన్నాను. చక్కా వచ్చింది."

ఫింటన్ మణికట్టుకి తెల్ల దారం కట్టి, గుడ్డు అతని అరచేతిలో పెట్టింది. "డాక్టరు తినమన్నాకే తిను బాబూ. అడ్డమొచ్చిన కుక్క బాగానే ఉంది. దానికీ ఓ ముద్ద పెట్టొచ్చాను" అని, కాళ్ళు కడుక్కునే వంకతో బయటికి వెళ్ళింది.

గదిలో ఇద్దరే మిగిలారు.

"నర్సుగారు చెప్పారు" అన్నాడు ఫింటన్, నీరసంగానే అయినా కళ్ళల్లో నవ్వుతో. "మీరు ఫారమ్‌లో అబద్ధం రాశారట."

"ముందు మీరు చెప్పండి. ఆ కాలమ్ ఎందుకు ఖాళీగా వదిలేశారు?"

"నిజమే రాయమన్నారుగా. నాకు రాయాలని ఉన్నది సగం నిజం. మిగతా సగం మీ దగ్గరుంది. మూడు వారాలు అడగడానికి ధైర్యం చాలలేదు. ఇవాళ అడగడానికే బయలుదేరాను. ఆ రోడ్డు మీద నేను ఊళ్ళోకి, మీ దగ్గరికే వస్తున్నాను సైపిన్ గారూ, తోటకి పోవట్లేదు."

సైపిన్ కళ్ళు తుడుచుకుంది. పొద్దుటి నుంచి రాని ఏడుపు ఇప్పుడు, భయం పోయాక, వచ్చింది. బ్యాగులోంచి కార్డు తీసి, పెన్ను మూత తీసి, అతనికి అందించింది.

"రాయి" అంది.

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి అతను గమనించాడు. గమనించనట్టు నటించలేకపోయాడు.

"ఏమని రాయను?"

"నీ ఇష్టం. నేను చెక్ చేస్తాను."

దారం కట్టిన చేత్తో మెల్లగా రాశాడు. కార్డు ఆమె చేతికి వచ్చింది. బంధుత్వం కాలమ్‌లో 'నా మనిషి' అని ఉంది. పక్కన ఇంత జాగా దొరికితే అందులో ఒక చిన్న ఆర్కిడ్ కూడా ఉంది.

"ఇది డ్రాయింగ్ పుస్తకం కాదని ఎన్నిసార్లు చెప్పాలి?" అంది సైపిన్.

అయినా పద్ధతి పద్ధతే. ప్రతి అక్షరం చదివింది. పెన్ను తీసుకుని కింద తన చేత్తో 'సరిచూశాను' అని రాసి, సంతకం పెట్టింది.